స్నేహితుడు పోయిన దారిలో మళ్లీ బండి ఎక్కవచ్చా?



మన విచారణలో ఒక యువకుణ్ణి సమాధి చేసి వచ్చిన వారం పది రోజులకు, అతని స్నేహితుని ఇంట్లో ఒక చిన్న సంగతి జరుగుతుంది. దాన్ని గుడిలో ఎవరూ ప్రకటించరు. వసారాలో నిలబెట్టిన మోటారు సైకిలుపై పాత దుప్పటి కప్పుతారు. తాళం చెవి బీరువాలోకి పోతుంది. "ఇక ఆ బండి ముట్టనని నా మీద ఒట్టేయి బిడ్డా" అంటుంది తల్లి. తండ్రి ఏమీ అనడు. తెల్లవారితే పాలు పోసి రావడానికి, పొలానికి మందు తేవడానికి, ఆడపిల్లను కాలేజీ బస్సు దగ్గర దింపడానికి ఆ బండే కావాలని ఆయనకు తెలుసు. ఇద్దరి మధ్యా కొడుకు నిలబడి ఉంటాడు. ఎక్కితే చేతులు వణుకుతాయి. ఎక్కకపోతే "పిరికివాడు" అంటారేమోనని సిగ్గు. ఎక్కి నవ్వుతూ తిరిగితే, పోయిన స్నేహితునికి ద్రోహం చేసినట్లు ఉంటుందేమోనని మరో బాధ.

ఈ వారం ఈ సంగతినే పాఠంగా తీసుకుందాము. ఎక్కవచ్చా, కూడదా అని ఒక్క మాటలో జవాబు చెప్పడానికి కాదు. దుఃఖంలో ఉన్నవాడు ఈ ప్రశ్నను ఎలా అడుక్కోవాలో సువార్త మనకు చూపిస్తుంది. ఆ దారిన నడిచి చూద్దాము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వారికి ఇది పుస్తకంలో చదివిన సమస్య కాదు. 2016 అక్టోబరు 11న ఇవి మూడు జిల్లాలయ్యాయి గాని దారులు మాత్రం పాతవే. 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి, అలంపూరు చౌరస్తాల నుండి కర్నూలుకు పోతుంది. అటు నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటి నల్లమలలోకి దిగుతుంది. ఈ రెండు పెద్ద దారుల మీదికి వందలాది పల్లెల చిన్న దారులు వచ్చి కలుస్తాయి. ఆ కలిసే చోట్లే మన పిల్లలు బండ్ల మీద నిలబడి, అటూ ఇటూ చూసి, దాటుతారు.

ఈ రహదారి చేసిన గాయాలు మనం మరువలేదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెం వద్ద బస్సు కాలిపోయి 45 మంది మరణించారు. పన్నెండేళ్లకు, 2025 అక్టోబరు 24న, ఇంకా తెల్లవారక ముందే, అదే రహదారిపై కర్నూలు దాటాక చిన్నటేకూరు వద్ద మరో బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. పత్రికలన్నీ ఆ బస్సు గురించి రాశాయి, రాయవలసిందే. అయితే మన పాఠానికి సంబంధించిన సంగతి బస్సు రాకముందు జరిగింది. పోలీసులు చెప్పిన ప్రకారం, అంతకు కొద్దిసేపటి ముందే ఒక మోటారు సైకిలు అక్కడ జారి డివైడరుకు తగిలింది. నడిపిన యువకుడు అక్కడికక్కడే మరణించాడు. వెనుక కూర్చున్న స్నేహితుడు బ్రతికాడు. అతడు ఆ చీకట్లో స్నేహితుని దేహాన్ని రోడ్డు పక్కకు లాగాడు. బండిని కూడా తీయబోయే లోపలే బస్సు వచ్చి దాన్ని ఈడ్చుకుపోయింది.

వెనుక కూర్చుని బ్రతికిన ఆ స్నేహితుని గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. అతని పేరు మనకు అక్కరలేదు. ఆ చీకట్లో అతడు ఇంకేమి చేసి ఉండవలసిందో ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పడం మన పని కాదు. మన విచారణలలో కూడా అటువంటి వారు ఉన్నారు. "నేను వెనుక కూర్చున్నాను, నాకేమీ కాలేదు" అనేవాడు ఒకడు. "ఆ రోజు నా బండే ఇచ్చాను" అనేవాడు ఇంకొకడు. "రమ్మని ఫోను చేసింది నేనే" అని లోలోపల కుమిలేవాడు మరొకడు. వారు ఆదివారం పూజలో వెనుక వరుసలో నిలబడి, దివ్యసత్ప్రసాదానికి రాకుండా బయటికి వెళ్లిపోతారు. ఎందుకో ఎవరూ అడగరు.

దుఃఖం వేరు, భయం వేరు

మొదట ఒక ముడి విప్పుకోవాలి. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాని మనసులో దుఃఖం, భయం, నేరభావన మూడూ కలగలిసి ఉంటాయి. మూడింటికీ ఒకే మందు లేదు.

పునీత అగుస్తీను వారి జీవితం చూడండి. ఆయన 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తెలో పుట్టారు. యువకునిగా ఉన్నప్పుడు, తనతో కలిసి చదివి, కలిసి ఆడుకుని పెరిగిన స్నేహితుడు జ్వరంతో మరణించాడు. ఆ సంగతిని ఆయన తన ఆత్మకథ నాలుగో భాగంలో దాచుకోకుండా రాశారు. ఊళ్లో ఎక్కడ చూసినా చావే కనబడిందట. స్నేహితునితో తిరిగిన వీధులే శత్రువులైపోయాయట. చివరికి ఆ ఊరే విడిచి కార్తేజికి వెళ్లిపోయారు. తరువాత పీఠాధిపతి అయి ఈ పుస్తకం రాస్తున్నప్పుడు కూడా, తాను ఏడ్చినందుకు ఆయన సిగ్గుపడలేదు. మరణించవలసిన మనిషిని ఎన్నడూ మరణించనివాణ్ణిగా ప్రేమించానని మాత్రం తెలుసుకున్నారు.

కాబట్టి ప్రమాదం జరిగిన మలుపు రాగానే బండి ఆపేసి నిలబడిపోయే యువకుణ్ణి చూసి నవ్వకండి. ఆ మలుపు అతనికి తగాస్తె. అదే విధంగా, దుఃఖంతో మునుపటికంటే వేగంగా నడిపేవాణ్ణి చూసి "వీడు అప్పుడే మరచిపోయాడు" అనకండి. "పోతే పోనీ" అన్న మొండితనం కూడా చాలాసార్లు ఏడవలేకపోయిన ఏడుపే. మన ఊళ్లలో మగపిల్లవానికి ఏడవడానికి మూడు రోజులే సెలవు ఇస్తాము. నాలుగో రోజు నుండి వాడు మగవాడిలా ఉండాలి. ఇది ఎక్కడి నియమమో నాకు అర్థం కాదు. సువార్తలో మాత్రం లేదు.

బెతానియాకు పోయే దారి

యోహాను సువార్త 11వ అధ్యాయం మనం సమాధుల దగ్గర తరచు వింటాము. లాజరు లేవడం వరకే మనకు గుర్తుంటుంది. ఈసారి ఇంట్లో పరిశుద్ధ గ్రంథం తెరిచి, 10వ అధ్యాయం చివర నుండి 11వ అధ్యాయం చివర వరకు వరుసగా చదవండి. అందులో స్నేహితుని మరణమే కాదు, ప్రమాదమైన దారి ఒకటి ఉంది. ఆ దారిన పోవాలా వద్దా అన్న వాదన కూడా ఉంది.

యెరూషలేములో వారు యేసు ప్రభువును రాళ్లతో కొట్టబోయారు. అప్పుడు ఆయన "దేవుడు చూసుకుంటాడులే" అని అక్కడే నిలబడలేదు. తప్పించుకుని యోర్దాను అవతలికి వెళ్లిపోయారు. అంతకు ముందు కూడా, తనను చంపజూస్తున్నారని యూదయాలో తిరగకుండా గలిలయలో ఉన్నారని అదే సువార్త 7వ అధ్యాయం మొదట్లో ఉంది. ప్రాణం కాపాడుకోవడం అవిశ్వాసం కాదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అటువంటి సమయంలో మార్త, మరియమ్మల నుండి కబురు వచ్చింది. స్నేహితుడు జబ్బుగా ఉన్నాడు. ప్రభువు రెండు రోజులు ఆగి, యూదయాకు తిరిగి పోదామన్నారు. శిష్యులు భయపడ్డారు. మొన్ననే కదా రాళ్లు ఎత్తారు, మళ్లీ అక్కడికేనా అన్నారు. ప్రభువు వారి భయాన్ని ఎగతాళి చేయలేదు. పగటికి పన్నెండు గంటలు ఉన్నాయని, పగలు నడిచేవాడు వెలుగు ఉన్నందున తడబడడని, రాత్రి నడిచేవాడు తడబడుతాడని చెప్పారు. ఆయన చెప్పింది బండ్ల గురించి కాదు, నిజమే. అయినా పొద్దుగూకిన తరువాత గద్వాల నుండి అయిజకు, వనపర్తి నుండి కొత్తకోటకు బండి మీద పోయేవారికి ఆ మాట పూర్తిగా పరాయిది కాదని నేననుకుంటాను.

అప్పుడు తోమాసు గారు తోటి శిష్యులతో, మనమూ పోయి ఆయనతో చనిపోదాము అన్నారు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాని నోట సరిగ్గా ఇటువంటి మాటే వస్తుంది. అందులో ప్రేమ ఉంది. కాని ఆ రోజు ప్రభువు వారిని చనిపోవడానికి తీసుకుపోలేదు, దుఃఖంలో ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ల ఇంటికి తీసుకుపోయారు. అక్కడ సమాధి ముందు ఆయన కన్నీరు కార్చారు. కొద్దిసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చారు.

తరువాతి భాగాన్ని మనం సాధారణంగా చదవకుండా వదిలేస్తాము. లాజరు లేచిన తరువాత, ప్రభువును చంపాలని నిర్ణయం జరిగింది. అప్పుడు ఆయన బహిరంగంగా తిరగడం మాని, అడవి దగ్గరున్న ఎఫ్రాయీము అనే ఊరికి వెళ్లి శిష్యులతో ఉన్నారు. మళ్లీ పాస్కకు ఆరు రోజుల ముందు బెతానియాకు వచ్చారు.

వరుస చూశారా? ఒకసారి తప్పుకున్నారు, ఒకసారి వెళ్లారు, మళ్లీ తప్పుకున్నారు, మళ్లీ వచ్చారు. దారి అదే, అపాయమూ అదే. మారింది ఒక్కటే: ఎవరి కోసం, దేని కోసం ఆ దారి ఎక్కుతున్నాము అన్నది. ఊరికే ధైర్యం చూపడానికి ఆయన ఒక్కసారి కూడా ఆ దారి పట్టలేదు. ప్రేమ పిలిచినప్పుడు భయపడి ఆగిపోనూ లేదు.

బండి ఎక్కాలా వద్దా అన్న ప్రశ్నకు మనకు దొరికే కొలత ఇదే. "నాకు ధైర్యం ఉందా?" అని కాదు అడగవలసింది. "ఈ ప్రయాణం ఎందుకు?" అని అడగాలి. గర్భిణిని ఆసుపత్రికి చేర్చడం, ఉపదేశి గారు ఉపకేంద్రానికి ప్రార్థనకు పోవడం, కూలికి పోవడం, బడికి పోవడం ఒక రకం. రాత్రి పది గంటలకు రహదారి మీద ధాబాకు ముగ్గురు కలిసి పోవడం మరో రకం. రెండింటినీ "బండి నడపడం" అనే ఒకే మాటతో పిలుస్తాము కాబట్టే తల్లి అన్నిటినీ వద్దంటుంది, కొడుకు అన్నిటినీ కావాలంటాడు.

దేవుడు తీసుకుపోయాడా?

సమాధి దగ్గర ఎవరో ఒకరు అంటారు: "దేవుడు మంచివాళ్లను తొందరగా తీసుకుపోతాడు." ఇంకొకరు, కొంచెం దూరంగా నిలబడి, "ఇంట్లో ఏదో పాపం ఉంది" అంటారు. రెండో మాటను ప్రభువు స్వయంగా కాదన్నారు. లూకా సువార్త 13వ అధ్యాయంలో, సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఆయన ఎత్తారు. వారు తక్కిన యెరూషలేము వారికంటే ఎక్కువ పాపులు కారని చెప్పి, బ్రతికి ఉన్నవారు తమ మనసు మార్చుకోవాలన్నారు. గోపురం కూలిన కారణం చనిపోయినవారి ఆత్మలో వెదకకూడదు. నా మటుకు నాకు, గోడ కట్టినవారిలోనూ దాన్ని చూసీ బాగుచేయని వారిలోనూ వెదకవచ్చునని తోస్తుంది. లైటు లేకుండా రోడ్డు మీద నిలిపిన ట్రాక్టరుకూ, సగం రోడ్డున ఆరబోసిన వడ్లకూ, రాత్రి కనబడని స్పీడ్ బ్రేకరుకూ ఇదే వర్తిస్తుంది. దేవుని చిత్తం అని మనం చెప్పేవాటిలో కొన్ని మనం చేసినవి, కొన్ని చేయక వదిలేసినవి.

మొదటి మాట, మంచివాళ్లను తీసుకుపోతాడన్నది, ఓదార్పుగానే అంటారు. కాని అది విన్న తమ్ముడు దేవునిపై కోపం పెంచుకుంటాడు. దాని బదులు ఊరక పక్కన కూర్చోండి. అంత్య సంస్కారాలు అందకుండా పోయాడని తల్లి బాధపడితే, ఒక్క క్షణంలో మనిషి హృదయంలో దేవుడు ఏమి చేయగలడో మనకు తెలియదనీ, అందుకే శ్రీసభ మృతులందరి కోసం ప్రతి పూజలోనూ ప్రార్థిస్తుందనీ చెప్పండి.

గుడి శిఖరం మీద

ఇక రెండో వైపు. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో సైతాను ప్రభువును దేవాలయ శిఖరంపై నిలబెట్టి దూకమన్నాడు, దూతలు పట్టుకుంటారని కీర్తననే చదివి వినిపించాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నారు.

బండి అద్దానికి జపమాల వేలాడుతుంది, ట్యాంకుపై మరియతల్లి బొమ్మ ఉంటుంది, హెల్మెట్ మాత్రం ఇంట్లో మేకుకు వేలాడుతుంది. ఇది భక్తి కాదు, శిఖరం మీది నుండి దూకడమే. బండిని గురువులతో ఆశీర్వదింపజేయండి, తప్పక చేయించండి. ఆ ఆశీర్వాదం నడిపేవాని తలకు కూడా వర్తించాలంటే తలపై ఏదో ఒకటి ఉండాలి కదా!

అంకెలు ఒకసారి చూడండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. అదే సంవత్సరం హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029. వారిలో నడిపినవారు 35,692 మంది, వెనుక కూర్చున్నవారు 14,337 మంది. వెనుక కూర్చునే మీ భార్యకు, మీ అక్కకు, మీ స్నేహితునికి కూడా తల ఉందని ఈ చివరి అంకె చెబుతుంది. అనేక దేశాల పరిశోధనలను కలిపి పరిశీలించిన 2008 నాటి కోక్రేన్ సమీక్ష, హెల్మెట్ వల్ల మరణం ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయం ముప్పు సుమారు 69 శాతం తగ్గుతుందని తేల్చింది. 2021 సెప్టెంబరులో సినిమా నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాదు కేబుల్ వంతెన దగ్గర బండి జారి పడినప్పుడు తలపై హెల్మెట్ ఉంది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నా, బ్రతికి బయటపడ్డాడు. మరోవైపు, ఒకప్పుడు జంటగా తెలుగు ఇళ్లన్నిటినీ నవ్వించిన బాబూ మోహన్, కోట శ్రీనివాసరావు గార్లు ఇద్దరూ మోటారు సైకిలు ప్రమాదాలలోనే కొడుకులను పోగొట్టుకున్నారు. ఒకరు 2003లో, మరొకరు 2010లో. తల్లి ఒట్టు అడిగినప్పుడు విసుక్కునే ముందు ఆ తండ్రులను తలచుకోండి.

హెల్మెట్ అంటే ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది, గడ్డం కింద పట్టీ బిగించినది. పట్టీ పెట్టని హెల్మెట్ పడేటప్పుడు మనిషికంటే ముందు తానే ఎగిరిపోతుంది.

వేగం గురించి కూడా లెక్క చెప్పుకోవాలి, ఎందుకంటే యువకులు లెక్కను నమ్ముతారు, ఉపదేశాన్ని నమ్మరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు సుమారు 11 మీటర్లు పోతాము. 80తో పోతుంటే 22 మీటర్లు. ముందు ఏదో ఉందని కన్ను చూసి, చేయి బ్రేకు పట్టేలోపల సెకను పైనే పడుతుంది. అప్పటికే 22 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పట్టిన తరువాత బండి ఆగడానికి పట్టే దూరం, వేగం రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగింతలు. ఎదురు బండి వెలుతురు కళ్లలో పడుతున్నప్పుడు, పత్తి లోడుతో వెనుక దీపం లేని ట్రాక్టరు ముందు ఉంటే, ఎంత అనుభవం ఉన్నవాడైనా ఈ లెక్కను తప్పించలేడు. పోయిన మీ స్నేహితుడు చెడ్డ డ్రైవరై ఉండనక్కరలేదు.

కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2290వ పేరా ఈ విషయాన్ని ఐదవ దైవాజ్ఞ కింద చెబుతుంది. తాగి గాని, వేగం మీది మోజుతో గాని తమ ప్రాణాన్నీ ఇతరుల ప్రాణాన్నీ అపాయంలో పెట్టేవారిది ఘోరమైన దోషమని దాని సారాంశం. మన ఆత్మశోధనలో "అబద్ధం ఆడాను, పూజకు రాలేదు" అని చెప్పుకుంటాము గాని, "తాగి బండి నడిపాను" అని పాపసంకీర్తనంలో చెప్పేవారు ఎందరు?

ఒట్టు సంగతి

తల్లి అడిగిన ఒట్టు దగ్గరికి తిరిగి వద్దాము. చాలా ఇళ్లలో ఇది దేవుని పేరు మీదికి పోతుంది: "నా కొడుకు జన్మలో బండి ఎక్కడని గుణదల మాతకు మొక్కుకున్నాను." దీని గురించి శ్రీసభ చట్టం స్పష్టంగా ఉంది. 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి 1191వ సూత్రం ప్రకారం, మొక్కుబడి అంటే ఆలోచించి, స్వేచ్ఛగా దేవునికి చేసిన వాగ్దానం. సాధ్యమైనదీ, మేలైనదీ అయి ఉండాలి. 1193వ సూత్రం ప్రకారం అది చేసినవారినే కట్టివేస్తుంది. తల్లి మొక్కు కొడుకు మీద పడదు. ఆమె స్వయంగా చేసిన మొక్కు నెరవేర్చలేకపోతే, తగిన కారణం ఉన్నప్పుడు విచారణ గురువులు దాని నుండి విడుదల ఇవ్వగలరని 1196వ సూత్రం చెబుతుంది. కాబట్టి భయపడవలసినది లేదు. వెళ్లి గురువులతో మాట్లాడండి.

కొడుకు తల్లికి ఇచ్చిన మాట వేరు. దాన్ని దొంగచాటుగా తప్పకండి. స్నేహితుని బండి వీధి చివర పెట్టించుకుని ఎక్కేవాడు తల్లినీ మోసం చేస్తాడు, తననూ మోసం చేసుకుంటాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. తల్లి "వద్దు" అన్న ఒక్క మాటకు బదులు, తనకు దేని భయమో విడివిడిగా చెప్పాలి. రాత్రి ప్రయాణమా, రహదారా, తాగే స్నేహితులా, వేగమా? కొడుకు వాటికి విడివిడిగా మాట ఇవ్వగలడు. చీకటి పడితే బస్సులో వస్తాను. రహదారి దాటవలసి వస్తే సర్వీసు రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వస్తాను, ఎదురు దిశలో రాను. ఎవరైనా తాగి ఉంటే వెనుక కూర్చోను. వానలో ఆగుతాను. ఇటువంటి మాటలు నిలబెట్టుకోవచ్చు. "జన్మలో ఎక్కను" అన్నది మన ఊళ్లలో చాలామంది నిలబెట్టుకోలేరు. అమ్రాబాదు అడవిలో శ్రీశైలం రోడ్డును రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 వరకు మూసివేస్తారు, పులుల కోసం. పులి పిల్లకు దొరికే ఆ జాగ్రత్త మన పిల్లకు ఇంట్లోనే ఎందుకు దొరకకూడదు?

ఇంకా చేతులు వణుకుతుంటే, నిద్ర పట్టకపోతే, ప్రమాదం పదే పదే కళ్లముందు తిరుగుతుంటే, అటువంటివాడు కొన్ని నెలలు బండి ఎక్కకపోవడమే వివేకం. అది పిరికితనం కాదు. వివేకం మన నాలుగు మూల సద్గుణాలలో మొదటిది, ధైర్యం దాని తరువాతే. బయట తిరిగే పని తమ్ముడు చూసుకోవాలి, లేదా పక్కింటివారు సాయం చేయాలి. నెలలు గడిచినా తగ్గకపోతే వైద్యుని దగ్గరికి వెళ్లాలి. మనసుకు తగిలిన దెబ్బకు మందు తీసుకోవడం విశ్వాసానికి లోటు కాదు. కొందరు ఇక ఎన్నడూ ఎక్కరు. వారిని బలవంతపెట్టకండి, ఎగతాళి చేయకండి. మళ్లీ ఎక్కదలచినవారు మొదట పగటిపూట, ఊరి దారిలో, ఒంటరిగా, వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా మొదలుపెట్టడం మంచిది.

నడిపినది మీరే అయి, వెనుక కూర్చున్న స్నేహితుడు పోయి ఉంటే, మాట ఇంకా కష్టమైనది. తాగి ఉంటే, వేగంగా పోయి ఉంటే, "నీ తప్పేమీ లేదు" అని అందరూ చెప్పే ఓదార్పు మీ గుండెలోకి దిగదు, ఎందుకంటే అది నిజం కాదని మీకు తెలుసు. నిజమైన దోషానికి పాపసంకీర్తనం ఉంది, అక్కడ క్షమాపణ కూడా నిజమైనదే. చట్టం ముందు నిజం చెప్పడం దానిలో భాగమే. దోషం లేకుండా కేవలం బ్రతికి ఉన్నందుకు బాధపడేవారు మాత్రం తీర్పు ఇచ్చే కుర్చీలో తమను తాము కూర్చోబెట్టుకోకూడదు.

మిగిలిన పని

2007 జూన్‌లో వాటికన్ రహదారుల సేవ గురించి ఒక మార్గదర్శక పత్రాన్ని ప్రకటించింది. అందులో వాహనాలు నడిపేవారికి పది ఆజ్ఞలు ఉన్నాయి. మొదటిది చంపకూడదన్నదే. ఆరవది, నడిపే స్థితిలో లేని యువకులను, పెద్దలను ప్రేమతో ఒప్పించి ఆపమంటుంది. ఏడవది, ప్రమాదంలో మరణించినవారి కుటుంబాలకు అండగా ఉండమంటుంది. స్నేహితుని కోసం ఏమి చేయాలో తెలియక తిరిగే యువకునికి ఈ ఏడవదానిలో చేతినిండా పని ఉంది.

ఆ ఇంట్లో కాగితాలు ఎవరికీ తెలియవు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం నివేదిక, లైసెన్సు, బండి ఇన్సూరెన్సు కాగితం ఒక్కచోట పెట్టాలి. బండి అతని సొంతమై, ఇన్సూరెన్సులో యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా కూడా కట్టి ఉంటే, 2018 నుండి ఆ మొత్తం 15 లక్షల రూపాయలు. చాలా కుటుంబాలు ఇది ఉందని కూడా ఎరుగవు. గుద్దిన బండి ఆచూకీ దొరకకుండా పోతే, 2022 ఏప్రిల్ 1 తరువాత జరిగిన ప్రమాదాలకు ప్రభుత్వ పరిహారం 2 లక్షలు. వేరే బండి తప్పు ఉంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోగా దరఖాస్తు వేయాలని చట్టం. దుఃఖంలో ఆరు నెలలు ఎప్పుడు గడిచిపోతాయో తెలియదు. స్నేహితుని తండ్రిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు, ఆసుపత్రికి, వకీలు దగ్గరికి తిరిగేవాడు కావాలి. ఆయన ఒక్కడే పోతే ఒక్కో చోట సగం రోజు నిలబెడతారు.

ప్రమాదం కళ్లముందు జరిగితే ఏమి చేయాలో కూడా మన యువజన సంఘాలలో నేర్పించండి. ముందు వెనుకనుండి వచ్చే బండ్లను ఆపాలి. దూరంగా ఒక మనిషి సెల్‌ఫోను దీపం ఊపుతూ నిలబడాలి. తరువాత 108కి ఫోను చేయాలి. మెడ, వెన్ను కదలకుండా చూడాలి. హెల్మెట్‌ను తెలియనివారు లాగి తీయకూడదు. సాయం చేసినవారిని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను కాపాడుతుంది. కాబట్టి "కేసులో ఇరుక్కుంటాము" అని దాటిపోవలసిన పని లేదు. 2025 మే నుండి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు, లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం కూడా ఉంది. ఆసుపత్రిలో ఆ మాట గుర్తుచేసేవాడు ఒకడు ఉండాలి.

నలభై ఒకటో రోజు పూజకు అందరూ వస్తారు. ఆ తరువాత ఆ ఇంటికి రాకపోకలు తగ్గుతాయి. నవంబరు 2న, ఆత్మల పండుగనాడు, సమాధి కడిగి సున్నం వేయడానికి ఆ తల్లితో పాటు మీరు వెళ్లండి. బండి మీద వెళ్లడం ఇంకా కష్టంగా ఉంటే ఆటోలో వెళ్లండి. ఆమె మీతో ఏమీ మాట్లాడకపోవచ్చు, మీ చేతిలో బకెట్టు ఉంటే చాలు.